అభిమాన సమ్మేళనానికి ప్రయాణం: ఏర్పాట్లు, పరిచయాలు

ఒకే కథాలోకాన్ని లేదా ఒకే కళారూపాన్ని ప్రేమించేవారు వేర్వేరు ఊళ్ల నుంచి ఒక చోటికి చేరి, రెండు మూడు రోజులపాటు చూసి, విని, కొని, మాట్లాడుకొని వెళ్లే కూడికను అభిమాన సమ్మేళనం అంటారు. ‘ఫ్యాన్ కన్వెన్షన్’ అనే పేరును కుదించి అభిమానులు దీన్ని ‘కాన్’ అని పిలుచుకుంటారు. బొమ్మల కథల పుస్తకాలు, యానిమేషన్, సైన్స్ ఫిక్షన్, వీడియో గేములు, వాటి ఆధారంగా వచ్చే సినిమాలు ఈ కూడికలకు ప్రధాన విషయాలు. తెలుగునాట వీటిలో పెద్దది మాదాపూర్ ప్రాంతంలోని హైటెక్స్ ప్రదర్శన కేంద్రంలో జరుగుతూ వస్తున్న హైదరాబాద్ కామిక్ కాన్. సినిమా ప్రీ రిలీజ్ వేడుకకు వెళ్లినవారి చూపంతా వేదిక మీదే ఉంటుంది కనుక పక్కన నిలబడినవారు ఎవరో తెలియకపోయినా ఆ సాయంత్రానికి లోటు రాదు. సమ్మేళనంలో మాత్రం పక్కన నిలబడినవారే సగం విశేషం, ఎందుకంటే అక్కడికి వచ్చే చాలామంది తమ ఊరిలో, తమ తరగతిలో, తమ కార్యాలయంలో ఆ అభిరుచి గల మరొకరిని చూడనివారు. విజయవాడలోని గుణదల నుంచి బయలుదేరే అభిమానిని దృష్టిలో పెట్టుకొని సాగే ఈ అధ్యాయం ప్రతిపాదించే సూత్రం ఒక్కటే: ఇంటి దగ్గర తేల్చుకోగలిగిన ప్రతి విషయాన్నీ ఇంటి దగ్గరే తేల్చుకొని వెళ్లినవారికి అక్కడి సమయమూ శ్రద్ధా మనుషుల కోసం మిగులుతాయి. కాలువకు నీళ్లు వదలకముందే పంట బోదెలు బాగుచేసుకున్న రైతు నీరు వచ్చిన రోజున గట్లు వెతుక్కోనక్కర లేకుండా నాటు మీద దృష్టి పెట్టగలడు. ప్రయాణపు ఏర్పాట్లకు, పరిచయాలకు ఉన్న సంబంధం కూడా అటువంటిదే.

సమ్మేళనాలు ఎందుకు పుట్టాయి

ఈనాటి సమ్మేళనాలలో పెద్ద కంపెనీల స్టాళ్లు, వెలుగుల వేదికలు, ప్రముఖుల రాక కనిపిస్తున్నందువల్ల అవి వ్యాపార ప్రదర్శనలుగా తోచవచ్చు గాని, వాటి పుట్టుక మాత్రం అభిమానులు ఒకరినొకరు కలుసుకోవాలనుకోవడంలోనే ఉంది. 1939 జూలైలో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనానికి వచ్చినవారు సుమారు 200 మంది; పత్రికలు పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా అచ్చువేయడం వల్ల ఏర్పడిన ఉత్తరాల స్నేహాలే ఆ తరం అభిమానులను దగ్గర చేశాయి. లాస్ ఏంజెలిస్ నుంచి ఖండాన్ని దాటి వచ్చిన ఫారెస్ట్ అకెర్మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు డగ్లస్ స్వయంగా తయారుచేసిన భవిష్యత్కాలపు దుస్తులు ధరించి ఆ సభలో తిరిగారు. సమ్మేళనాలలో వేషధారణకు తొలి ఉదాహరణగా దీన్ని తరచుగా చెబుతారు. 1970లో అమెరికాలోని శాన్ డియేగోలో ఒక హోటల్‌లో సుమారు 300 మందితో జరిగిన కామిక్స్ సభ నేడు 1,30,000 మందికి పైగా హాజరయ్యే ఉత్సవంగా ఎదిగింది. 1975 డిసెంబరు 21న టోక్యోలో 32 బృందాలు తాము అచ్చువేసుకున్న బొమ్మల కథలను పంచుకోవడానికి మొదలుపెట్టిన కామికెట్‌కు ఆ రోజున వచ్చినవారు సుమారు 700 మంది కాగా, అది ఇప్పుడు లక్షల మంది వచ్చే కూడిక. మన దేశంలో 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాద్‌కు వచ్చింది. బెంగళూరు, చెన్నై నగరాలలో కూడా జరుగుతున్నందున కోస్తా ఆంధ్ర అభిమానికి ఇప్పుడు చేరువలో మూడు వేదికలు ఉన్నాయి.

చెదిరి ఉన్న అభిరుచిపరులు ఒకచోట చేరి బలపడటం విజయవాడకు కొత్త విషయం కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల సభకు, ఊరూరా తమ శక్తి కొద్దీ గ్రంథాలయాలు నడుపుతున్నవారు వచ్చి ఒకరి అనుభవాన్ని మరొకరు తెలుసుకున్నారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ కలయిక నుంచే ఏర్పడింది. ఆ ప్రతినిధుల ఆశయమూ నేటి అభిమానుల అభిరుచీ ఒకటి కాకపోయినా, తాను ఒంటరిని కాననే ఎరుక మనిషికి ఇచ్చే ధైర్యం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. అందువల్ల సమ్మేళనానికి వెళ్లేవారు తమను టికెట్టు కొన్న ప్రేక్షకులుగా మాత్రమే భావించుకోకుండా, ఆ కూడికను నిలబెట్టే సభ్యులుగా భావించుకోవడం మొదటి మెట్టు.

ఉద్దేశం ముందు, టికెట్టు తరువాత

ప్రయాణం నిర్ణయించుకున్న వెంటనే చేయవలసిన పని, ఎందుకు వెళ్తున్నామో ఒక కాగితం మీద రాసుకోవడం. సమ్మేళనంలో సాధారణంగా నాలుగు రకాల విశేషాలు ఉంటాయి: రచయితలు, చిత్రకారులు, నటులు కూర్చుని ఒక విషయం మీద మాట్లాడే ప్యానెల్ చర్చలు, చిత్రకారులు చిన్న బల్లల వెనుక కూర్చుని తమ పుస్తకాలనూ బొమ్మలనూ స్వయంగా అమ్ముకొనే వరుస, అంటే ఆర్టిస్ట్ ఆలీ, పాత్రల బొమ్మలు, టీషర్టులు, పుస్తకాలు దొరికే స్టాళ్లు, వేషధారణ ప్రదర్శనలు, పోటీలు. ఒకే వేళలో రెండు మూడు చోట్ల కార్యక్రమాలు నడుస్తాయి కనుక అన్నింటినీ చూడాలనుకున్నవారు దేన్నీ నిలకడగా చూడలేక, ఎవరితోనూ రెండు మాటలు మాట్లాడలేక, అలసటతో తిరిగివస్తారు. తప్పక చూడవలసినవి రోజుకు రెండు, కలవాలనుకుంటున్న కళాకారులు ఒకరిద్దరు, కొనదలచిన వస్తువులకు ఒక హద్దు అని ముందే నిర్ణయించుకొని, మిగిలిన వేళను ఖాళీగా ఉంచుకోవడం ఉత్తమమైన పద్ధతి. ఆ ఖాళీ వేళలోనే అనుకోని సంభాషణలకు చోటు దొరుకుతుంది.

సమ్మేళనపు తేదీలు ప్రతి ఏటా ఒకే నెలలో ఉండవు కనుక నిర్వాహకుల అధికారిక ప్రకటన చూసిన తరువాతే సెలవు, రైలు, బస నిర్ణయించుకోవాలి. టికెట్టు ఏ రోజుకు చెల్లుతుందో, దానితోపాటు పుస్తకమో పోస్టరో ఇస్తారో లేదో, పిల్లలకు వేరే నిబంధన ఉందో లేదో చదివి, నిర్వాహకులు సూచించిన చోటనే కొనాలి. సామాజిక మాధ్యమాలలో అపరిచితులు అమ్మచూపే టికెట్లు నకిలీవి అయ్యే ప్రమాదం ఉంది. ఖర్చును ప్రయాణం, ప్రవేశం, బస, భోజనం, కొనుగోళ్లు, అత్యవసరం అనే ఆరు పద్దులుగా విడగొట్టి రాసుకొని, కొనుగోళ్ల సొమ్మును విడిగా ఒక కవరులోనో వేరే ఖాతాలోనో ఉంచుకుంటే, మొదటి గంటలోనే చేతిలోని డబ్బంతా ఒక స్టాల్‌లో అయిపోయే పరిస్థితి రాదు. అత్యవసరపు పద్దును ఇంటికి చేరేదాకా ముట్టుకోకూడదు.

ఇంటివారి అంగీకారం

విజయవాడలో ఇంటర్మీడియట్, ఇంజనీరింగ్ చదివే విద్యార్థుల దినచర్య ఎంత బిగుతుగా ఉంటుందో తెలిసిన తల్లిదండ్రులకు, బొమ్మల పుస్తకాల కోసం హైదరాబాద్ వెళ్తాననే కోరిక తొలుత చిన్నపిల్లల మారాముగా అనిపించడం సహజం. ఆ అనుమానాన్ని వాదనతో గెలవడం కష్టం గాని, వివరాలతో తీర్చడం సులువు. పరీక్షల తేదీలకు అడ్డురాని రోజులు, మొత్తం ఖర్చు, అందులో తాను కూడబెట్టిన భాగం, వెంట వచ్చేవారి పేర్లు, వారి ఇళ్ల ఫోన్ నంబర్లు, బస చేసే చోటు, తిరిగివచ్చే బండి వివరాలు ఒకే కాగితం మీద రాసి చూపినప్పుడు, పెద్దలు ఆ కోరికను ఒక బాధ్యతగల పనిగా చూడటం మొదలుపెడతారు. పద్దెనిమిదేళ్లు నిండనివారు పెద్దల తోడుతోనే వెళ్లాలి. తోడు వచ్చే తండ్రికో మేనమామకో అక్కడ విసుగు పుట్టకుండా, చందమామ, అమర్ చిత్రకథ చదువుకున్న వారి బాల్యాన్ని గుర్తుచేసి, నచ్చే విభాగం ఒకటి ముందే చూసిపెట్టడం మంచిది. 1947లో మొదలైన చందమామను, 1967లో మొదలైన అమర్ చిత్రకథను ఇష్టపడిన తరం ఈ సమ్మేళనాలకు పరాయిది కాదు.

గుణదల నుంచి హైటెక్స్ దాకా

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి మీద దూరం సుమారు 275 కిలోమీటర్లు. గుణదలవారికి పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ఆర్టీసీ బస్సులు, రామవరప్పాడు రింగు, బెంజి సర్కిల్ వంటి చోట్ల ప్రైవేటు బస్సులు, విజయవాడ జంక్షన్‌లో రైళ్లు అందుబాటులో ఉంటాయి. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కనుక తేదీలు ప్రకటించిన రోజునే ఆ లెక్క వేసుకోవాలి. వారాంతాలలో హైదరాబాద్ ఉద్యోగులు శుక్రవారం రాత్రి డెల్టా ఊళ్లకు వచ్చి ఆదివారం రాత్రి తిరిగి వెళ్తారు. సమ్మేళనానికి వెళ్లేవారి ప్రయాణం వారికి ఎదురుదిశలో సాగుతుంది కనుక సాధారణ వారాంతాలలో సీటు దొరకడం అంత కష్టం కాదు. అయితే దసరా, దీపావళి, సంక్రాంతి వంటి పండుగలు దగ్గరలో ఉన్నప్పుడు రహదారి మీద, ముఖ్యంగా చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్ ప్లాజాల దగ్గర వాహనాలు బారులు తీరే అవకాశం ఉన్నందువల్ల అప్పుడు రైలు మేలు.

హైదరాబాద్ చేరిన తరువాత నగరం లోపలి ప్రయాణం కూడా ముందే తేల్చుకోవాలి. సికింద్రాబాద్‌లో దిగినవారు సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో రాయదుర్గం వైపు మెట్రో ఎక్కితే బండి మారకుండా హైటెక్ సిటీ చేరవచ్చు. ఎల్బీ నగర్‌లో గానీ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో గానీ బస్సు దిగినవారు మియాపూర్ వైపు వెళ్లే మెట్రోలో అమీర్‌పేట దాకా వచ్చి అక్కడ రాయదుర్గం బండికి మారాలి. హైటెక్ సిటీ స్టేషన్ నుంచి హైటెక్స్‌కు మిగిలిన కొద్ది దూరానికి ఆటో, క్యాబ్ ఉంటాయి. సాయంత్రం వేలమంది ఒకేసారి బయటికి వచ్చే వేళలో వాహనం దొరకడం ఆలస్యమవుతుంది కనుక, తిరుగు బండి వేళను కార్యక్రమం ముగిసే సమయానికి కనీసం మూడు గంటల ఎడం ఉండేలా పెట్టుకోవాలి.

బస విషయంలో విజయవాడవారికి ఒక ప్రత్యేక పరిస్థితి ఉంది. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, కొండాపూర్ ప్రాంతాలలో చాలా కుటుంబాలకు పిన్నో, బాబాయో, అత్తయ్యో ఉంటారు కనుక బస ఖర్చు తప్పుతుంది గాని, చుట్టపుచూపుగా వెళ్లినవారు ఉదయాన్నే బయటపడి రాత్రికి గాని రాకపోతే ఆ ఇంటివారి మనసు నొచ్చుకుంటుంది. సమ్మేళనానికే వస్తున్నామని, రెండు రోజులూ పగలు ఇంట్లో ఉండలేమని, రాత్రి భోజనానికి ఏ వేళకు వస్తామో అని ముందుగానే ఫోన్‌లో చెప్పి, చివరి రోజు ఒక పూట వారి కోసం కేటాయించుకుంటే బంధుత్వమూ నిలుస్తుంది, ప్రయాణపు ఉద్దేశమూ నెరవేరుతుంది. హోటల్‌లో దిగదలచినవారు సికింద్రాబాద్ స్టేషన్ పరిసరాలలో చవకగా దొరికే గదికి, హైటెక్స్‌కు దగ్గరలోని ఖరీదైన గదికి మధ్య తేడాను రోజువారీ రవాణా ఖర్చుతోనూ అలసటతోనూ కలిపి లెక్క వేసుకోవాలి.

రద్దీలో శరీరం, వస్తువులు

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో మేరీమాత ఉత్సవాలకు లక్షలాది యాత్రికులు రావడం చూసే గుణదలవారికి రద్దీ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు. ఆ ఉత్సవ దినాలలో అనుభవజ్ఞులైన కుటుంబాలు పాటించే జాగ్రత్తలన్నీ ఇక్కడా పనికివస్తాయి: తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోవడం, పిల్లల జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టడం, డబ్బును ఒకేచోట ఉంచకపోవడం, జనం పలచగా ఉండే వేళను ఎంచుకోవడం. వేల మంది ఒకే ప్రాంగణంలో ఫోన్లు వాడినప్పుడు సిగ్నల్ బలహీనపడుతుంది కనుక, ఫోన్ మీదే ఆధారపడకుండా ఒక గుర్తుగల స్థలాన్ని, ఒక వేళను నిర్ణయించుకోవాలి. టికెట్టును ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా దాచుకోవడంతోపాటు ఒక అచ్చు ప్రతి కూడా దగ్గర ఉంచుకోవాలి.

రోజుకు ఆరేడు గంటలు నిలబడి తిరగవలసి వస్తుంది కనుక కొత్త చెప్పులు, కొత్త బూట్లు ఆ రోజున తొడగకూడదు. ఉదయం ఇడ్లీ, ఉప్మా వంటి కడుపునిండా ఉండే ఫలహారం చేసి వెళ్లి, మధ్యాహ్నం అందరూ వరుస కట్టే ఒంటిగంటకు కాక పన్నెండుకో రెండున్నరకో తింటే గంట సమయం కలిసివస్తుంది. బయటి తిండి, నీటి సీసా లోపలికి తీసుకువెళ్లనిస్తారో లేదో నిబంధనలలో చూసుకోవాలి. కొన్న పోస్టర్లు నలగకుండా ఒక అట్టగొట్టం, పుస్తకాలకు ఒక గట్టి గుడ్డసంచి, ఫోన్‌కు పవర్ బ్యాంక్, రోజూ వేసుకునే మందులు ఉంటే సరిపోతుంది. అంతకు మించిన బరువు భుజాన్ని బాధించి, నిలబడి మాట్లాడే ఓపికను హరిస్తుంది.

వేషం కట్టేవారికి

ఇష్టమైన పాత్రలా దుస్తులు, ఆభరణాలు, ఆయుధాల నమూనాలు తయారుచేసుకొని ధరించడాన్ని కాస్‌ప్లే అంటారు. కూచిపూడి పుట్టిన కృష్ణా తీరంలో వేషం కట్టడం తరతరాల విద్య. సత్యభామ పాత్రను పురుషులు ధరించి మెప్పించిన సంప్రదాయంలో, రంగం మీదికి వచ్చిన ప్రతి ముఖ్య పాత్రా ప్రవేశ దరువుతో తన్ను తాను పరిచయం చేసుకొంటుంది. సమ్మేళనంలో వేషం కట్టినవారు కూడా తమ పాత్ర ఎవరో, ఏ కథలోదో, దుస్తులలో ఏ భాగాన్ని స్వయంగా చేసుకున్నారో రెండు మూడు వాక్యాలలో చెప్పడానికి సిద్ధంగా ఉంటే, ఆ వేషమే పరిచయాలకు దారి తీస్తుంది. లోహపు కత్తులను, పదునైన అంచులున్న వస్తువులను భద్రతా సిబ్బంది అనుమతించరు కనుక ఆయుధాల నమూనాలను ఫోమ్‌తోనో అట్టతోనో చేయాలి. వాటిని రైలులో విప్పి సర్దడానికి వీలుగా భాగాలుగా తయారుచేసుకోవాలి. వేదిక దగ్గర దుస్తులు మార్చుకొనే సౌకర్యం ఉందో లేదో ముందే కనుక్కొని, సూది, దారం, పిన్నీసులు, జిగురు ఒక చిన్న డబ్బాలో పెట్టుకోవాలి.

వేషధారిని చూసేవారికీ కొన్ని మర్యాదలు ఉన్నాయి. ఫోటో తీసుకొనే ముందు అడగాలి, దుస్తులనూ శరీరాన్నీ అనుమతి లేకుండా తాకకూడదు, ఫోటోను ఇతరులకు పంపే ముందు మళ్లీ అడగాలి. వేషం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా అది ఎవరికీ చనువు తీసుకొనే హక్కు ఇవ్వదు. ముఖ్యంగా స్త్రీల విషయంలో ఈ నియమాన్ని పాటించడం, ఇతరులు ఉల్లంఘిస్తుంటే నిర్వాహకులకు వెంటనే తెలియజేయడం హాజరైన ప్రతి ఒక్కరి బాధ్యత.

పరిచయం ఎక్కడ మొదలవుతుంది

సమ్మేళనంలో పరిచయాలకు అనువైన చోటు ప్రవేశపు వరుస. అక్కడ నిలబడినవారికి వెళ్లవలసిన తొందర లేదు, చూడవలసిన కార్యక్రమం ఇంకా మొదలుకాలేదు, అందరి ఉద్దేశమూ ఒక్కటే. పరిచయం లేనివారితో మాట కలపడానికి వెనుకాడేవారు అక్కడ ఒక నిర్దిష్టమైన విషయంతో మొదలుపెట్టడం సులువు. ఎదుటివారి టీషర్టు మీది బొమ్మ గురించో, చేతిలోని పుస్తకం గురించో “ఇది ఎక్కడ దొరికిందండీ?” అని అడగడం, “మీరు ఏ ఊరి నుంచి వచ్చారు?” అని కనుక్కోవడం ఎవరినీ ఇబ్బంది పెట్టదు. పేరు, ఊరు, ఇష్టమైన కథ అనే మూడు విషయాలు తెలిసిన తరువాత సంభాషణ తనంతట తాను సాగుతుంది; సాగకపోతే చిరునవ్వుతో విరమించడం మర్యాద. ఎదుటివారు ముక్తసరిగా జవాబిచ్చి ఫోన్‌లోకి చూస్తే, వారికి ఆ వేళ మాట్లాడాలని లేదని గ్రహించాలి గాని తనలో ఏదో లోపం ఉందని కుంగిపోకూడదు.

సంబోధన విషయంలో డెల్టా ప్రాంతపు అలవాటు ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. తొలి పరిచయంలో వయసుతో నిమిత్తం లేకుండా ‘మీరు’, ‘అండి’ వాడితే ఎవరూ నొచ్చుకోరు. చనువు పెరిగాక ‘అన్నా’, ‘అక్కా’, ‘తమ్ముడూ’ అనుకోవచ్చు. హైదరాబాద్ సమ్మేళనంలో తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసల తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు కలగలిసి వినిపిస్తాయి. ఇంగ్లీషు ధారాళంగా రాదనే సంకోచంతో చాలామంది విద్యార్థులు నోరు విప్పకుండానే రోజంతా గడిపేస్తారు గాని, తమకు వచ్చిన భాషలో స్పష్టంగా మాట్లాడేవారికి అక్కడ ఆదరణ లోపించదు. హైదరాబాద్‌లోనే రూపుదిద్దుకొని 2008 నుంచి దేశమంతటా పిల్లలకు చేరువైన ఛోటా భీమ్ వంటి పాత్ర గురించి తెలుగులో ఇద్దరు మాట్లాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

చిత్రకారుల బల్లల దగ్గర సంభాషణకు మరొక పద్ధతి ఉంది. అక్కడ కూర్చున్నవారు తమ సొంత ఖర్చుతో పుస్తకం అచ్చువేయించి, దూరప్రయాణం చేసి వచ్చి ఉండవచ్చు కనుక గీచిగీచి బేరమాడటం తగదు. కొనే శక్తి లేకపోతే ఆ మాట దాచనక్కర లేదు. పుస్తకాన్ని జాగ్రత్తగా తిరగేసి, ఏ బొమ్మ ఎందుకు నచ్చిందో చెప్పి, వెనుక కొనేవారు వస్తే పక్కకు జరిగితే చాలు. బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నవారు తమ చిత్రాల నోటు పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లి, రద్దీ లేని వేళ చూసి, “రెండు నిమిషాలు చూసి ఒక సలహా చెబుతారా?” అని అడగవచ్చు. పొగడ్త కోసం కాక దిద్దుబాటు కోసం అడిగినవారిని కళాకారులు గుర్తుపెట్టుకుంటారు, వారు చెప్పిన ఒక్క సలహా ఏడాది సాధనకు దారి చూపవచ్చు.

భిన్నాభిప్రాయాలు, వర్గాలు

అభిమానం ఉన్నచోట వర్గాలు ఉంటాయన్నది విజయవాడ సినిమా థియేటర్ల ముందు కట్టిన కటౌట్లను చూసి పెరిగినవారికి తెలిసిన విషయమే. సమ్మేళనాల చరిత్రలో కూడా ఆ జాడ్యం మొదటి రోజు నుంచే ఉంది: 1939 నాటి న్యూయార్క్ సభకు, నిర్వాహకులతో విభేదించిన వర్గానికి చెందిన ఆరుగురు అభిమానులను లోపలికి రానివ్వలేదు, తరువాతి కాలంలో సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు పొందిన ఫ్రెడరిక్ పోల్ ఆ ఆరుగురిలో ఒకరు. ఒక అభిరుచిని పెంచగలవారినే ఆ అభిరుచి పేరుతో బయట నిలబెట్టడం ఎంత నష్టమో ఆ ఉదంతం చెబుతుంది. కనుక ఎదుటివారికి నచ్చిన పాత్రను చులకన చేయడం, ఎన్ని పుస్తకాలు చదివావని పరీక్షించడం, ఆడపిల్లలకు గేముల గురించి ఏమి తెలుసునని తీసిపారేయడం, కొత్తగా వచ్చినవారి అజ్ఞానాన్ని ఎత్తిచూపడం పూర్తిగా మానుకోవాలి. ఎదుటివారు ఇంకా చదవని కథ ముగింపును వారు అడగకుండా చెప్పేయడం కూడా ఈ కోవలోకే వస్తుంది. తెలియని విషయం ఎదురైనప్పుడు “దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టి చదవాలి?” అని అడిగినవారికి, వాదించి గెలిచినవారికంటే ఎక్కువమంది మిత్రులు దొరుకుతారు.

పరిచయాలలో జాగ్రత్త కూడా అవసరమే. మొదటి రోజున ఇంటి చిరునామా, బస చేసిన గది వివరాలు చెప్పకపోవడం, కొత్తవారిని కలిసేటప్పుడు నలుగురు తిరిగే చోటనే కలవడం, సాయంత్రం వారితో బయటికి వెళ్లవలసి వస్తే ఇంటివారికో తోటివారికో తెలియజేయడం, డబ్బు అప్పుగా అడిగేవారికి మృదువుగా కాదనడం వంటివి స్నేహానికి అడ్డు రావు. మంచి ఉద్దేశం ఉన్నవారు ఈ హద్దులను తప్పుపట్టరు.

తిరిగి వచ్చాక

సమ్మేళనంలో కలిసినవారిలో ఎక్కువమంది వారం తిరిగేసరికి ఫోన్‌లో పేర్లుగా మాత్రమే మిగిలిపోతారు. అలా కాకుండా ఉండాలంటే తిరుగు ప్రయాణంలోనే ఒక చిన్న పని చేయాలి. బండి ఎక్కిన తరువాత, కలిసినవారి పేరు, ఊరు, మాట్లాడుకున్న విషయం, ఇచ్చిపుచ్చుకుంటామన్న పుస్తకం రాసుకొని, మూడు రోజులలోపు ఒక్కొక్కరికి విడివిడిగా సందేశం పంపాలి. “కలిసినందుకు సంతోషం” అనే మాటకంటే, మాట్లాడుకున్న పుస్తకం పేరో, తీసిన ఫోటోనో పంపడం వల్ల సంభాషణ కొనసాగుతుంది. పదిమందితో పైపై పరిచయంకంటే ఇద్దరు ముగ్గురితో నిలిచే స్నేహం విలువైనది కనుక అందరినీ నిలుపుకోవాలనే ఆరాటం అక్కరలేదు.

ఆ ఇద్దరు ముగ్గురిలో విజయవాడ, గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం ప్రాంతాలవారు ఉంటే వచ్చే సమ్మేళనం దాకా ఎదురుచూడవలసిన పని లేదు. మూడు దశాబ్దాలకు పైగా, సాధారణంగా జనవరి మొదట్లో జరుగుతున్న విజయవాడ పుస్తక మహోత్సవం ఇటువంటివారు కలుసుకోవడానికి సిద్ధంగా ఉన్న వేదిక. ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాలు, నగరంలోని గ్రంథాలయాలు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. ఒక్కొక్కరు ఒక పుస్తకం తెచ్చి మార్చుకోవడం, ఒక కథను ముందే చదివి వచ్చి గంటసేపు మాట్లాడుకోవడం వంటి చిన్న కార్యక్రమంతో నెలకు ఒకసారి కలవడం మొదలుపెడితే, మొదట నలుగురే వచ్చినా ఆ కూడిక నిలుస్తుంది. ప్రపంచంలోని పెద్ద సమ్మేళనాలలో చాలావరకు ఇటువంటి కొద్దిమంది కూడికల నుంచే ఎదిగాయి.

సాధన

ఈ అధ్యాయం చదివినవారు వచ్చే ప్రయాణానికి ముందూ, తిరిగి వచ్చాకా కింది పనులను వరుసగా చేయాలి.

1. వెళ్లే ఉద్దేశాన్ని మూడు వాక్యాలలో రాసి, రోజుకు రెండు కార్యక్రమాలను మాత్రమే ఎంచుకోవాలి.

2. తేదీలు అధికారికంగా వెలువడిన రోజునే రైలు రిజర్వేషన్ తెరుచుకొనే తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాలి. ఆరు పద్దుల ఖర్చు పట్టిక రాసి ఇంటివారికి చూపాలి.

3. తనకు ఇష్టమైన కథను, అది ఎందుకు ఇష్టమో, ఆ కథ తెలియనివారికి అర్థమయ్యేలా ఒక నిమిషంలో చెప్పడం అద్దం ముందు గాని స్నేహితుల ముందు గాని అభ్యసించాలి.

4. సమ్మేళనానికి ముందే పుస్తక మహోత్సవంలోనో గ్రంథాలయంలోనో పరిచయం లేని ఒక పాఠకునితో లేదా పాఠకురాలితో వారి చేతిలోని పుస్తకం గురించి మర్యాదగా మాట కలపాలి.

5. తిరిగి వచ్చిన నెలలోపు, తన ఊరిలోనే కనీసం ఇద్దరు తోటి అభిమానులు కలుసుకొనే తేదీని, చోటును, మాట్లాడుకొనే పుస్తకాన్ని నిర్ణయించి వారికి తెలియజేయాలి. తేదీ, చోటు లేని ఆహ్వానం సాధారణంగా నెరవేరదు కనుక ఆ రెండింటినీ తప్పక రాయాలి.